పద్నాలుగు అంతస్తుల లెక్క: మద్రాసులో మూడు రోజులు

మద్రాసు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. నాయన కాళ్ళకు రాత్రిపూట కొబ్బరినూనె మర్దనా ఇంకా నడుస్తూనే ఉంది. నా సంచి అడుగున చిన్న సున్నం పెళ్ళ ఒకటి ఉంది. పారెయ్యమని అమ్మ, ఉండనీ అని నేను. దాని సంగతి తర్వాత చెప్తాను.

మా కావలి వైపు నా చిన్నప్పుడు మద్రాసు పోయొచ్చిన వాళ్ళకి మూడు ప్రశ్నల పరీక్ష ఉండేది. బీచి చూశావా? మూర్ మార్కెట్టు చూశావా? పద్నాలుగు అంతస్తుల మేడ చూశావా? మూడోదానికి లేదంటే మద్రాసు పోనట్టే లెక్క. సూళ్ళూరుపేట దాకా పోయి తిరిగొచ్చుంటావులే అని నవ్వేవాళ్ళు.

మౌంట్ రోడ్డు మీద ఉన్న ఎల్ఐసీ బిల్డింగే ఆ మేడ. నాయన దాన్ని మొదటిసారి చూసింది 1964లో, పదమూడేళ్ళప్పుడు. తాతకు రెండు కళ్ళల్లో శుక్లాలొస్తే ఎగ్మోరు కంటాసుపత్రికి తీసుకుపోయారు. తోడు పెదనాయన, సంచి మొయ్యడానికి నాయన. ఆపరేషనయ్యి కట్టు విప్పారు గానీ అద్దాలింకా రాలేదు. ఊరికి తిరిగొచ్చే రోజు మౌంట్ రోడ్డు బస్‌స్టాపులో నిలబడితే ఎదురుగా మేడ. తాతకు తెల్లటి పొడుగాటి మసక తప్ప ఏమీ ఆనలేదు. "ఎన్ని అంతస్తులుండాయో లెక్కపెట్టి చెప్పరా" అన్నాడట. పద్నాలుగని నాయన చెప్పాడు. ఆ తర్వాత మద్రాసు మాట ఎవరెత్తినా తాత "మావోడు లెక్కబెట్టినాడు, పద్నాలుగు" అనేవాడు. నా చెవులతో ఎన్నిసార్లు విన్నానో.

తర్వాత పదేళ్ళకి నాయన ఎల్ఐసీ ఏజెంటయ్యాడు. నలభై ఏళ్ళు సైకిలు మీద, ఆ పైన మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి పాలసీలు కట్టించాడు. ఆ మేడ బొమ్మ మా ఇంట్లో గోడ మీదుండేది. కానీ 1964 తర్వాత దాని ముందు నిలబడింది మాత్రం ఒక్కసారీ లేదు. ఎప్పుడు మద్రాసు పోయినా పెళ్ళో ఆసుపత్రో, టీ నగర్‌లో చీరలో. ఈసారి మేడ కోసమే పోదామన్నాను. "మేడ చూసేదానికి రైలెక్కుతారా ఎవురన్నా?" అన్నాడు గానీ, పొద్దున ఆరింటికే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు.

జనవరి 20, సోమవారం. తిరువల్లిక్కేణి

సెంట్రల్ బయట రిప్పన్ భవనం తెల్లగా మెరుస్తోంది. నాయన దానివైపు తల తిప్పలేదు. ఆయన వెతుకుతున్నది మూర్ మార్కెట్టుని. అది 1985లో కాలిపోయింది నాయనా, ఇప్పుడక్కడ లోకల్ రైళ్ళ స్టేషనుంది అని నేను నాలుగోసారి చెప్పాను. "తెలుసు మే. తెలిసినా చూడబుద్ధవుతుంది" అన్నాడు.

ట్రిప్లికేనులో, అంటే ఈ తిరువల్లిక్కేణిలోనే, గది. రోజుకి 1,400, లిఫ్టు లేదు, రెండో అంతస్తు. మేడలు చూడ్డానికొచ్చి మెట్లెక్కడమే మొదటి పని. సాయంత్రం రత్నా కేఫ్‌కి పోయాం. 1948 నుంచి ఉన్న హోటలు. ఇడ్లీ పళ్ళెం మన ముందు పెట్టి, మగ్గు పట్టుకుని ఒకాయన వస్తాడు. చెయ్యి అడ్డం పెట్టేదాకా సాంబారు పోస్తూనే ఉంటాడు. ఇడ్లీ మునిగి, అంచుదాకా నిండి, ఒక్క కరివేపాకు రెబ్బ పైకి తేలింది. నాయన కాసేపు దాన్నే చూసి, "ఇడ్లీకి సాంబారా, సాంబారుకి ఇడ్లీనా?" అన్నాడు. కొంచెం తియ్యగా ఉంటుంది. మన నెల్లూరు నాలికకి మొదటి రెండు చెంచాలు కష్టం, మూడో చెంచా నుంచి మనమే మగ్గాయన కోసం చూస్తాం. అడక్కుండానే మళ్ళీ వచ్చి పోశాడు. పక్క బల్ల పెద్దమనిషి పళ్ళెం ఎత్తి మిగిలింది తాగేశాడు. ఎవరూ వింతగా చూడలేదు. ధైర్యం చేసి మేమూ తాగాం. ఇద్దరికీ కాఫీలతో కలిపి రెండు వందల ముప్పై.

అక్కణ్ణించి మౌంట్ రోడ్డు దగ్గరే కదా, నడుద్దామనుకుని సందుల్లో దారి తప్పాం. తప్పి ఎల్లిస్ రోడ్డులో తేలాం. కెమెరాలు, స్టాండ్లు, బల్బులు, ఫొటో సామాన్ల కొట్లు. నాకది దారి తప్పినట్టే అనిపించలేదు. ఆ రోడ్డు పేరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే దొరది. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబం అని ముందుమాటగా రుజువులతో రాసినాయన. ఈ ముక్క అక్కడే నిలబడి నాయనకి చెప్తుంటే, ట్రైపాడ్లు లోపల పెట్టుకుంటున్న కొట్టాయన "ఎన్న వేణుం?" అన్నాడు. మౌంట్ రోడ్డు అన్నాం. తమిళంలో మూడు మలుపులు చెప్పి, మా మొహాలు చూసి, "నేరుగా పోయి ఎడం పక్కకి తిరగండి" అని తెలుగులో మళ్ళీ చెప్పాడు. ఇంట్లో తెలుగేనట, చదవడం రాయడం మాత్రం రాదట. మద్రాసులో ఇలాంటివాళ్ళు ప్రతి వీధికీ ఒకరు దొరుకుతారు. ముందు తమిళంలోనే మొదలుపెడతారు, మన అవస్థ చూసి జాలిపడితే తెలుగు బయటికొస్తుంది.

రోడ్డెక్కి కొంత దూరం నడిచేసరికి చెట్ల మీదుగా ఎల్ఐసీ అక్షరాలు కనిపించాయి. నేను చెయ్యెత్తి చూపించాను. నాయన ఇంకా పైకి చూస్తున్నాడు. ఆయన మెడ 1964లో ఎంత ఎత్తిందో అంత ఎత్తి, ఖాళీ ఆకాశంలో వెతుకుతున్నాడు.

"కిందికి చూడు నాయనా."

చూశాడు. "ఇదేనా?" అన్నాడు. రోడ్డు దాటకుండానే వెనక్కి తిరిగాం. రేపు పగలు చూద్దాంలే, ఇప్పుడు మబ్బుగా ఉండాదన్నాడు. మబ్బేమీ లేదు.

జనవరి 21, మంగళవారం. మౌంట్ రోడ్డు

పొద్దున తొమ్మిదికల్లా మేడకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడ్డాం. రోడ్డు పేరు అణ్ణాసాలై అయ్యి యాభై ఏళ్ళు దాటినా కండక్టరు, ఆటో డ్రైవరు, మల్లెపూలమ్మి అందరూ మౌంట్ రోడ్డనే అంటారు.

పగటి వెలుగులో ఎలా ఉందంటే, పెద్ద అగ్గిపెట్టెని నిలబెట్టినట్టు. గుమ్మటం లేదు, కమాను లేదు, సింహం తల లేదు. వరసలు వరసలుగా కిటికీలు, ఒకే కొలతవి. ఇరవై ఏళ్ళ వయసున్న వాళ్ళెవరైనా చూస్తే పాతకాలపు సర్కారు ఆఫీసనుకుని పోతారు. నేనూ మామూలుగా అయితే అంతే. కానీ మూడు నెలలుగా దీని గురించి దొరికిందల్లా చదివి ఉన్నాను కాబట్టి నాయనకి కథ చెప్పడం మొదలుపెట్టాను.

కట్టాలనుకున్నది ఎల్ఐసీ కాదు. అప్పటికి ఎల్ఐసీ పుట్టనే లేదు. ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ అని నగరత్తార్ కులపు షావుకారు. 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టిందీ ఆయనే, మొదటి రోజునే కారైక్కుడి, మద్రాసు, రంగూన్ మూడు చోట్లా తలుపులు తీయించిన మనిషి. ఆయనకి యునైటెడ్ ఇండియా లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉండేది. దాని కోసం దేశంలోకెల్లా ఎత్తైన మేడ మద్రాసులో లేపాలని కోరిక. లండన్ నుంచి బ్రౌన్, మౌలిన్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు నమూనా గీశారు. మొదట అనుకున్నది పద్ధెనిమిది అంతస్తులు. 1953లో పని మొదలైంది.

1954 మార్చిలో సింగపూర్ కల్లాంగ్ విమానాశ్రయంలో దిగుతూ విమానం కూలి చెట్టియార్ పోయారు. 1956లో జీవిత బీమాని కేంద్రం జాతీయం చేసింది. 245 బీమా కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలు కలిసి సెప్టెంబరు 1న ఎల్ఐసీ అయ్యాయి, ఆ కలిసినవాటిలో చెట్టియార్ కంపెనీ, దాంతోపాటు ఈ సగం మేడ. 1957లో లండన్ వాళ్ళిద్దరూ తప్పుకున్నారు. మిగతా పని మద్రాసులోనే ప్రాక్టీసు చేసే ఎల్.ఎం. చితాలే చేతికొచ్చింది. ఎత్తు తగ్గింది. 1959 ఆగస్టు 23న ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ వచ్చి ప్రారంభించేనాటికి, మొదలుపెట్టిన వాళ్ళలో ఎవరూ లేరు. ఖర్చు ఆనాటి 87 లక్షలు. 177 అడుగులు. అంత తగ్గినా దేశంలోకెల్లా ఎత్తైంది అదే. 1961లో బొంబాయిలో ఉషాకిరణ్ అనే మేడ లేచేదాకా ఆ రికార్డు దీనిదే.

నాయన అంతా విని ఒక్క మాటడిగాడు. "చెట్టియార్‌కి పాలసీ ఉండిందా?" నలభై ఏళ్ళ వృత్తి ఎక్కడికి పోతుంది.

తర్వాత లెక్క. నేను రోడ్డు ఇవతల నుంచే వేలు చూపిస్తూ మొదలుపెట్టాను. ఒక సంఖ్య వచ్చింది. కింద వాకిలి వరసని కలపలేదు కదా అని మళ్ళీ మొదలుపెడితే ఇంకో సంఖ్య. పైన లిఫ్టు గదిలా కనిపించేదాన్ని అంతస్తనాలా వద్దా? పుస్తకాల్లో కూడా ఒకరు పన్నెండు రాస్తారు, ఇంకొకరు పద్నాలుగు, మరొకరు పదిహేను. పక్కన పార్కింగ్ చీటీలిచ్చే కుర్రాడిని అడిగాం. తలెత్తి చూడనైనా చూడకుండా "పదినాలు మాడి సార్" అన్నాడు. పూలమ్మి కూడా పదినాలే. ఇద్దరూ ఎప్పుడైనా లెక్కపెట్టారా అంటే లేదు. నాయన నావైపు విజయగర్వంతో చూశాడు. నేను ఊరుకున్నాను.

రోడ్డు దాటి గేటు దగ్గరికి పోయాం. సెక్యూరిటీ ఆయన ఎవరిని కలవాలన్నాడు. ఎవరినీ కాదు, మేడనే అని చెప్పడానికి మా ఇద్దరికీ సరిపడా తమిళం లేదు. నాయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పాత ఏజెంటు కార్డు! అది తెచ్చుకున్నట్టు నాకు తెలియదు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏజెంటా సార్? ఉక్కారుంగ" అని తన కుర్చీ జరిపాడు, మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. లోపల ఫొటోలు వద్దన్నాడు, అంతే. నాయన ఆ కుర్చీలో పది నిమిషాలు కూచున్నాడు. ఫైళ్ళు పట్టుకుని లోపలికి పోయేవాళ్ళని, వచ్చేవాళ్ళని చూస్తూ. 1956లో ఎల్ఐసీకి దేశం మొత్తమ్మీద అయిదే జోన్లు, దక్షిణాదికి మద్రాసు. ఇప్పటికీ సౌత్ జోన్ కచేరీ ఇక్కడే. లేచేటప్పుడు గోడని అరచేత్తో ఒకసారి తట్టాడు, ఎద్దుని తట్టినట్టు.

ఈ మేడ గొప్ప ఎత్తులోనే ఉందనుకుంటే సగమే తెలిసినట్టు. మిగతా సగం తెలియాలంటే అక్కణ్ణించి కాస్త నడిచి జనరల్ ప్యాటర్స్ రోడ్డు మూలకి పోవాలి. కార్ల సామాన్ల కొట్ల వాసన మొదలయ్యే చోట, రేకుల కంచె వెనక ఎర్రటి శిథిలం ఒకటి ఉంది. భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్. 1897లో డబ్ల్యు.ఇ. స్మిత్ అనే మందుల వ్యాపారి కట్టించుకున్న కార్డిల్ బిల్డింగ్ అది. మినార్లు, గుమ్మటాలు, కమానుల వరండాలు, ఇండో సారసెనిక్ సోకులన్నీ ఉన్నాయి. 1934లో భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కొనుక్కుంది. జాతీయం అయ్యాక ఇదీ ఎల్ఐసీకే వచ్చింది. 2006లో కూల్చివేత మొదలైతే పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు కోర్టుకి పోయారు, 2010లో మద్రాసు హైకోర్టు కూల్చకూడదంది. కూలలేదు, బాగూ పడలేదు. గోడ పగుల్లోంచి రావిచెట్టు మొలిచి మా ఇంటి వేపంత అయింది.

కంచె బయట ఫుట్‌పాత్ మీద పెళ్ళ ఒకటి పడి ఉంది. తీసి చూశాను. లోపల ఇటుక పొడి ఎర్రగా, సున్నం గట్టిపడి శంఖంలా. గోరుతో గీస్తే రాలేదు, తడి వేలితో రుద్దితే తెల్లగా అంటింది. నాయన చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "కరక్కాయ" అన్నాడు. నూటపాతికేళ్ళ తర్వాత కరక్కాయ వాసనేం వస్తుంది, కానీ ఆయన అన్నది అబద్ధమూ కాదు. పాత మద్రాసు మిద్దెల పద్ధతే అది. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నం పరిచి, ఆడకూలీలు వరసగా కూచుని చెక్క తట్టలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కొడుతూ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లేవాళ్ళు. కావలిలో మా పాత మిద్దె కూడా అట్లా వేసిందే, నాయనకి ఆ చప్పుడు గుర్తుంది.

ఆ రకం కట్టుబడిలో బరువంతా గోడదే. ఇంకో అంతస్తు లేపాలంటే కింది గోడ ఇంకా లావెక్కాలి. పది పన్నెండు అంతస్తులంటే కింద గదులకి చోటే మిగలదు, అంతా గోడే. చెట్టియార్ మేడలో బరువు మోసేది కాంక్రీటు స్తంభాలు. గోడ మోత తప్పించుకుని వట్టి తెరగా మిగిలిపోయింది, అందుకే అన్నన్ని కిటికీలు. సున్నం ఇటుకల మద్రాసు కాంక్రీటు స్తంభాల మద్రాసుగా మారింది ఈ మేడ దగ్గరే. ఆ తర్వాత మన ఊళ్ళల్లో కూడా "పిల్లర్లేసి కట్టినాం" అని గొప్పగా చెప్పుకునే రోజులొచ్చాయి. ఇది చెప్తుంటే నాయన, "అందుకే కాలినా నిలబడిందా?" అన్నాడు.

1975 జూలైలో మేడకి నిప్పంటుకుంది. నాయన అప్పటికి ఏజెంటు, రేడియోలో విన్నాడట. కావలిలో ఇద్దరు ముగ్గురు వచ్చి మా పాలసీ కాగితాలు కాలిపోయినాయా అని అడిగారట. అవి నెల్లూరులో ఉన్నాయయ్యా అని సర్దిచెప్పడానికి వారం పట్టిందట. మేడ బాగుచేసుకుని నిలబడింది. అదే రోడ్డు మీద 1895నాటి స్పెన్సర్స్ అంగడి 1983లో కాలి పోయింది, రెండేళ్ళకి మూర్ మార్కెట్టు పోయింది. అవి సున్నం, ఇటుక, కలప. నిప్పుకి తట్టుకోలేదు. అయినా అందం దేనిదంటే నేను రావిచెట్టు మొలిచినదాని పక్షమే. నాయన స్తంభాల పక్షం.

మధ్యాహ్నం బుహారీలో. 1951నాటి హోటలు, చికెన్ సిక్స్టీఫైవ్ పుట్టిల్లు అని వాళ్ళు చెప్పుకుంటారు. 1965లో మెనూలో పెట్టారు కాబట్టి ఆ పేరట. తర్వాత సెవెంటీఎయిట్, ఎయిటీటూ, నైంటీ అని ఇంకొన్ని కూడా వచ్చాయి. నాయనకి సర్వరు ఇవన్నీ ఓపిగ్గా చెప్తే, "మాది సిక్స్టీఫోర్, అది లేదా?" అన్నాడు. సర్వరుకి అర్థం కాలేదు, నవ్వాడు. కోడి ముక్కలు మన దగ్గర దొరికే ఎర్రరంగు సిక్స్టీఫైవ్ లాగా లేవు, ముదురు రంగులో మెత్తగా ఉన్నాయి. బిర్యానీ, సులేమాని టీలతో ఏడు వందల ఎనభై. ఎక్కువే. కానీ అక్కడ ఎవరూ లేవమని తొందరపెట్టరు, నాయన కాళ్ళకి అది వెయ్యి రూపాయల విలువ.

హిగ్గిన్‌బాథమ్స్‌లో గంట గడిపాను. 1844లో మొదలైన పుస్తకాల అంగడి, ఇప్పుడున్న తెల్ల భవనం 1904ది. నాయన లోపలికి రాలేదు, వాకిట్లో నీడకి నిలబడి రోడ్డు చూశాడు. స్పెన్సర్ ప్లాజాలోకి పోయి ఒక బెల్టు కొన్నాం. నాలుగు వందలన్నది రెండు వందల యాభైకి ఇచ్చాడు. బేరం తెలుగులోనే జరిగింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

జనవరి 22, బుధవారం. మైలాపూరు, జార్జిటౌను

నాయన ఒక్కటే అడిగాడు, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు పోయిన ఇల్లు చూపించమని. బులుసు సాంబమూర్తి గారి ఇల్లది, ఇప్పుడు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయేదాకా ఆ మనిషి అక్కడే పడుకుని ఉన్నాడు. బయట ఆటోలు, బైకుల హారన్లు. లోపల మేమిద్దరమే. నాయన చెప్పులు విడిచి ఫొటో ముందు నిలబడ్డాడు.

బయటికొచ్చాక నాకు తట్టింది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది, కర్నూలు రాజధానిగా. మద్రాసు మనదేనని అంత గొడవపడి, చివరికి వదులుకుని పోయిన ఏడాదే చెట్టియార్ మేడకి పని మొదలైంది. మనం మూటా ముల్లే సర్దుకుంటుంటే వెనక పునాదులు తవ్వుతున్నారు. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళపాటు ఆ మేడనే చూడ్డానికి నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి రైళ్ళెక్కి వచ్చాం. నాయనకిది చెప్తే, "వదులుకున్న ఇంటికాడ ఏం కడుతుండారో చూడకుండా ఎవురుంటారు మే" అన్నాడు.

ప్యారీస్ కార్నర్‌కి ఆటో. మూడు వందల యాభై అన్నాడు, నాయన నూటయాభై అన్నాడు, రెండు వందల యాభైకి కుదిరింది. దారి పొడుగునా ఆటో ఆయన ఎంజీఆర్ కథలు చెప్పాడు, మీటరు మాట ఎత్తలేదు. డేర్ హౌస్ ముందు దిగాం. 1788 నుంచి వ్యాపారం చేసిన ప్యారీ కంపెనీ 1940లో కట్టుకున్న కచేరీ అది, ఆర్ట్ డెకో మేడ, మూల మీద ఓడ ముక్కులా తిరిగి ఉంటుంది. ఎల్ఐసీ లేవకముందు మద్రాసులో డబ్బు తిరిగిందంతా ఈ చుట్టుపక్కలే. నాకు భలే నచ్చింది. నాయన "పొట్టిది" అని తేల్చేశాడు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి పేర్లు మాత్రం పైకి చదివి, మనోళ్ళే అన్నాడు.

బీచి స్టేషను దగ్గర సందులో బర్మా బళ్ళున్నాయి. రంగూన్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ళు మొదలుపెట్టిన తిండి, పేరు అత్తో. నారింజరంగు నూడుల్సు, కాబేజీ, వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, ఎండుమిరప పొడి, చింతపులుసు, అన్నీ గిన్నెలో వేసి బండాయన చేత్తోనే కలుపుతాడు. నిలబడి తినాలి. తోడుగా అరటిబోదె చారు కప్పులో ఇస్తాడు, అయిపోతే మళ్ళీ పోస్తాడు, దానికి డబ్బుల్లేవు. ఇద్దరికీ నూటఇరవై. మూడు రోజుల్లో నాయన మెచ్చుకుంటూ తిన్నది ఇదొక్కటే. రంగూన్‌లో బ్యాంకు తెరిచిన చెట్టియార్ కూడా ఇది తినుంటాడంటావా అని అడిగాడు. షావుకార్లు బండి దగ్గర తింటారా నాయనా అన్నాను.

సాయంత్రం రైలు. కిటికీ పక్కన నాయన, నేను ఎదురుగా. సున్నం పెళ్ళని కాగితంలో చుట్టి పెట్టుకున్నాను. గుమ్మిడిపూండి దాటాక చీకటి పడింది, సూళ్ళూరుపేటలో టీ తాగాం. నాయుడుపేట వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకునుంటే నిద్రనుకున్నాను.

"మే" అన్నాడు.

"ఏం నాయనా?"

"నీకు ఎన్నొచ్చినాయి నిన్న?"

"రెండుసార్లు రెండు రకాలుగా వచ్చాయి. పద్నాలుగు మాత్రం రాలేదు."

కాసేపు మాట్లాడలేదు. పక్క పట్టాల మీద గూడ్సు పోతోంది, అది పోయేదాకా ఆగాడు.

"ఆ పొద్దు నేను తొమ్మిది దాకే లెక్కబెట్టినా. బస్సొచ్చింది. మీ పెదనాయన జబ్బ పట్టి లాగేసినాడు. ఎక్కి కూచున్నాక మా నాయన ఎన్నిరా అన్నాడు. ముందు సీటాయన ఎవురితోనో పద్నాలుగు అంటుండె. అదే చెప్పినా."

"తాతకి ఎప్పుడూ చెప్పలేదా మరి?"

"యాడ చెప్పేది? కావలిలో దిగేలోపలే ఆయన డబ్బాలో నలుగురికి చెప్పేసె."